సున్నా పాయింట్ ఐదు

చిరంజీవులు పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో మీ క్లాసు పిల్లాడొకడి గురించి చెబుతూ ‘వాడు పాయింట్ ఫైవ్ తాతయ్యా’ అని నవ్వారు. సగం మగ, సగం ఆడ అని వెక్కిరింత అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తాను.

నేను లెక్కల మాస్టారుగా ఉన్నప్పటి సంగతి. ఏడో తరగతికి దశాంశాలు చెబుతున్నాను. బోర్డు మీద 0.5 అని రాశానో లేదో, క్లాసంతా మూడో బెంచీ వైపు తిరిగి గొల్లుమంది. అక్కడున్న బిడ్డ తల దించుకుంది. రిజిస్టర్లో మగపేరే. తను అమ్మాయి అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు నేనూ నవ్వాను పిల్లలూ, కొంచెమే, కానీ తను చూసింది.

ఇంటర్వెల్ బెల్లు కొట్టినా బెంచీ మీంచి లేచేది కాదు. అబ్బాయిల బాత్రూం వైపు వెళ్తే ఏడిపిస్తారు, అమ్మాయిల వైపు వెళ్తే తంతారు. అందుకని పొద్దుటి నుంచి మంచినీళ్లే తాగేది కాదట. తొమ్మిదో తరగతిలో బడి మానేసింది.

పుట్టగానే మనం ఆడపిల్ల, మగపిల్లాడు అనేస్తాం. కొందరికి పెరిగేకొద్దీ తాము అది కాదని లోపల తెలుస్తుంది. వాళ్లనే ట్రాన్స్‌జెండర్ అంటాం. అది జబ్బు కాదు, ఒకరు నేర్పితే వచ్చేదీ కాదు. అలాగని సుకుమారంగా నడిచే ప్రతి అబ్బాయీ ట్రాన్స్‌జెండర్ కాదు. ఆ లెక్క తేల్చే పని మీది కాదు. తను చెబితే వినండి, చాలు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యత 73 శాతం. స్త్రీ, పురుషుడు కాక ‘ఇతరులు’ అని నమోదైనవాళ్లలో 56 శాతమే. ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బడిలో వివక్ష చూపకూడదని 2019లో చట్టమూ వచ్చింది. 2021లో, దేశంలో బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ, ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో ఎలా కలుపుకోవాలో టీచర్ల కోసం ఒక పుస్తకం తెచ్చి, గొడవ కాగానే కొద్ది రోజులకే వెబ్‌సైట్‌లోంచి తీసేసింది. మా పెద్దవాళ్ల ధైర్యం అంతే!

అందుకే మీకు రాస్తున్నాను. ఇంటర్వెల్‌లో ఆ పిల్లాడికి తోడు వెళ్లండి. కబడ్డీలో మీ జట్టులోకి పిలవండి. తను నమ్మి చెప్పింది ఇంకొకరి చెవిన వేయకండి. కానీ ఎవరైనా కొడుతున్నా, చచ్చిపోవాలనుందని తను అన్నా మాత్రం దాచొద్దు. మీకు నమ్మకమున్న టీచర్‌కి వెంటనే చెప్పండి.

అన్నట్టు, ఫోన్లో మీరు ఆ పిల్లాడి పేరే చెప్పలేదు. ఏ పేరుతో పిలిస్తే ఇష్టమో అడిగి, నాకు రాయండి.

మీ తాతయ్య