ఇల్లు మనదే, నేల పార్కుది: బ్రిటన్ స్టాటిక్ క్యారవాన్ల వెనుక కథ

బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పిల్లలు బడికి వెళ్లే వయసుకి వచ్చాక, ఏదో ఒక హాఫ్‌టర్మ్‌కి, అంటే బడి టర్మ్ మధ్యలో వచ్చే సెలవులకి, సముద్రపు ఒడ్డున హాలిడే పార్కుకి వెళ్లి రావడం మామూలే. నాలుగు రోజులు స్టాటిక్ క్యారవాన్‌లో, అంటే ఒకే చోట నిలిపి ఉంచే బండి ఇంట్లో, దిగుతారు. రెండు మూడు పడగ్గదులు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, షవర్, బయట చెక్క వరండా ఉంటాయి. హోటల్లోలా కాదు, అన్నం వండుకోవచ్చు. తాలింపు ఘాటుకి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. తిరుగు ప్రయాణం లోపు పార్కు సేల్స్ వాళ్లు ఓ కొత్త క్యారవాన్ తలుపు తీసి చూపిస్తారు. ఏటా అద్దెకి పోసే డబ్బుతో సొంతమే కొనుక్కోవచ్చు కదా అని లెక్క కట్టి మరీ చెబుతారు.

సొంత ఇల్లంటే మన లెక్కలో ముందు స్థలం, తర్వాతే గోడలు. ఇల్లు పాతబడినా కింద నేల విలువ పెరుగుతూ ఉంటుందన్న ధీమాతోనే జీవితకాలపు పొదుపంతా అందులో పోస్తాం. స్టాటిక్ క్యారవాన్ బేరం దీనికి సరిగ్గా తలకిందులు. కొనుక్కునేది గోడలు, పైకప్పు, లోపలి సామాను. నేల పార్కుది. అక్కడ నిలుపుకున్నందుకు ఏటా పిచ్ ఫీజు కట్టాలి. చాలా పార్కుల్లో అది 4,000 నుంచి 10,000 పౌండ్ల మధ్య ఉంటుంది. స్థిరాస్తి కాదు కాబట్టి భూమి రిజిస్ట్రీలో పేరెక్కదు, స్టాంప్ డ్యూటీ పడదు, మామూలు ఇంటి లోను దొరకదు. ఒప్పందంలో రాసుకున్న పదిహేనో ఇరవయ్యో ఏళ్లు నిండాక క్యారవాన్‌ని అక్కడి నుంచి తీసేయాలి. ఒకరి పొలంలో మన ఖర్చుతో పాక వేసుకున్నట్టన్నమాట. ఇలాంటి బేరానికి అక్కడి జనం తరాలుగా ఎలా అలవాటు పడ్డారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

క్యారవాన్ విహారం మొదట్లో దొరల సరదా. నౌకాదళంలో వైద్యుడిగా చేసి, ఆనక పిల్లల కథలు రాసి పేరు తెచ్చుకున్న విలియం గోర్డన్ స్టేబుల్స్ 1885లో బ్రిస్టల్‌లోని ఓ బండ్ల కంపెనీ చేత 'వాండరర్' అనే బండి కట్టించుకున్నాడు. రెండు గుర్రాలు లాగేవి. తోలడానికో మనిషి, సేవలకో మనిషి, తోడుగా కుక్క, చిలుక. ఇరుకు దారుల్లో ఎదురొచ్చే బళ్లని హెచ్చరించడానికి సేవకుడు మూడు చక్రాల సైకిల్ మీద ముందు పోయేవాడట. 1907లో క్యారవాన్ క్లబ్ పుట్టింది కూడా ఈ వర్గం వాళ్ల కోసమే. మన కథకి వీళ్లతో పెద్దగా పని లేదు.

అసలు కథ కార్మికులది. లాంకషైర్ నూలు మిల్లులు వేసవిలో వారం పాటు మూతపడితే ఊరు ఊరంతా బ్లాక్‌పూల్‌కి కదిలేది. సౌత్ వేల్స్ బొగ్గుగనుల వాళ్లకి జూలై చివర, ఆగస్టు మొదట కలిపి రెండు వారాల సెలవు; వాళ్లు పోర్త్‌కాల్ పక్కన ట్రెక్కో బేకి చేరేవాళ్లు. ఇప్పటికీ అక్కడి క్యారవాన్ పార్కు బ్రిటన్‌లోని పెద్ద వాటిలో ఒకటి. బోర్డింగ్ ఇళ్లలో దిగితే ఇంటావిడ నియమాలు ఎక్కువ. ఉదయం టిఫిన్ అయ్యాక వానొచ్చినా సరే బయటికి పోవాలి, సాయంత్రం దాకా లోపలికి రానివ్వరు. పిల్లలున్నవాళ్లకి అది నరకం. అందుకే కొందరు పాత రైలు పెట్టెలు, తీసేసిన బస్సులు, చెక్క గుడిసెలు తెచ్చి ఇసుక దిబ్బల మీద పెట్టుకున్నారు. ఎసెక్స్‌లో జేవిక్, ససెక్స్‌లో సెల్సీ, లింకన్‌షైర్‌లో మేబుల్‌థార్ప్ నుంచి స్కెగ్నెస్ దాకా ఇదే దృశ్యం.

తీరం పాడవుతోందని పెద్దమనుషులు గగ్గోలు పెట్టారు. లింకన్‌షైర్‌లోని లిండ్సే కౌంటీ కౌన్సిల్ 1932లో ఇసుక దిబ్బల కోసమే ప్రత్యేకంగా ఓ చట్టం తెచ్చుకుంది. 1936 ప్రజారోగ్య చట్టం కదిలే నివాసాలకి స్థానిక సంస్థ లైసెన్సు ఉండాలంది. నీళ్లున్నాయా, మరుగుదొడ్డి ఉందా అన్నదే దాని ధ్యాస. అందులో ఉండే మనిషికి ఆ నేల మీద ఏ హక్కు ఉందన్న ప్రశ్న అప్పటికి ఎవరూ అడగలేదు. అదే ఏడాది స్కెగ్నెస్‌లో బిల్లీ బట్లిన్ తొలి హాలిడే క్యాంపు తెరిచాడు. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. దాని ఫలం జనానికి అందింది మాత్రం యుద్ధం ముగిశాకే.

యుద్ధం తర్వాత రెండు ప్రవాహాలు ఒకేసారి మొదలయ్యాయి. ఒకటి సెలవులది: చేతిలో జీతం, సెలవు ఉన్నాయి, 1950 మేలో పెట్రోలు రేషన్ ఎత్తేశారు. రెండోది అవసరానిది: బాంబులకి ఇళ్లు కూలిపోయి, కొత్తవి చాలక, పెళ్లయిన జంటలు ఉండటానికి గది లేక క్యారవాన్లలో కాపురం పెట్టారు. తీరప్రాంతపు రైతులకి ఈ రెండూ కలిసొచ్చాయి. ఉప్పు గాలికి పంట అంతంతమాత్రంగా పండే పొలంలో ఓ కుళాయి వేసి, వరసగా బళ్లు నిలిపితే గోధుమకన్నా మెరుగైన రాబడి. సెలవుల వాళ్లు మొదట్లో బండిని కారుకి తగిలించుకుని వచ్చి, వెళ్లేటప్పుడు తీసుకుపోయేవాళ్లు. క్రమంగా అక్కడే వదిలేసి వెళ్లడం మొదలైంది. లాగే పని లేనప్పుడు బండి చిన్నదిగా ఎందుకు ఉండాలి? కంపెనీలు వాటిని పొడవు పెంచాయి, వెడల్పు పెంచాయి. చక్రాలు ఉన్నాయనిపించుకోవడానికే మిగిలాయి. హల్ నగరం, దాని చుట్టుపక్కల ఈస్ట్ యార్క్‌షైర్ ఈ తయారీకి కేంద్రమయ్యాయి. నేటి పెద్ద తయారీ సంస్థల్లో ఒకటైన విల్లర్బీ 1946లో అక్కడే పుట్టింది.

శాశ్వత కాపురం, సెలవుల విడిది: చూడటానికి రెండూ ఒకే రకం పెట్టెలే, తరచూ ఒకే పొలంలో పక్కపక్కనే ఉండేవి. చట్టం ఈ రెంటినీ విడదీసిన తీరులోనే నేటి తగువులన్నిటికీ మూలం ఉంది.

1950ల చివరికి ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు లక్షన్నర మంది క్యారవాన్లలోనే కాపురం ఉంటున్నారని సర్ ఆర్టన్ విల్సన్ 1959లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో తేల్చాడు. ఆ మరుసటి ఏడాది వచ్చిన 1960 క్యారవాన్ సైట్ల చట్టమే నేటికీ పునాది. పార్కు నడపాలంటే ప్లానింగ్ అనుమతి, దానిపై సైట్ లైసెన్సు రెండూ ఉండాలి. బండికీ బండికీ మధ్య దూరం, మంటలార్పే సదుపాయం, నీరు, మురుగు అన్నీ లైసెన్సు షరతుల కిందికి వచ్చాయి. క్యారవాన్ అంటే ఏమిటో కూడా చెప్పింది: మనిషి నివసించడానికి తయారై, ఒక చోటి నుంచి మరో చోటికి లాక్కెళ్లగలిగేది, లేదా లారీ మీద ఎక్కించి తరలించగలిగేది. కదలనవసరం లేదు, కదలగలిగితే చాలు. ఈ ఒక్క ఏర్పాటుతో స్టాటిక్ క్యారవాన్ భవనం కాకుండా పోయింది. భవన నిర్మాణ నిబంధనలు దాని జోలికి రావు. అందుకే చవక. అందుకే నేలతో దానికి బంధమూ లేదు.

ఈ మాట నమ్మకం కుదరకపోతే ఏ పార్కులోనైనా ఓ క్యారవాన్ చుట్టూ కట్టిన ప్లాస్టిక్ లేదా ఇటుక తెర పక్కకి తొలగించి వంగి చూడండి. గాల్వనైజ్డ్ ఉక్కు చట్రం, ఓ ఇరుసు, రెండు చిన్న చక్రాలు, మూలమూలనా జాకీలు, ముందు వైపు లాగే కొక్కెం కనిపిస్తాయి. పైన నలభై అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఇల్లు. ముందు గదిలో మార్బుల్ పొయ్యిలా కనిపించే హీటర్, గోడకి పెద్ద టీవీ. పక్కన గొలుసు కట్టి నిలబెట్టిన 47 కిలోల ప్రొపేన్ సిలిండర్లు. చట్టం దృష్టిలో ఆ ఇంటికి ఉనికినిచ్చేది కింద దాగి ఉన్న ఆ చట్రమే.

1968లో లిబరల్ ఎంపీ ఎరిక్ లబక్ ప్రైవేటు సభ్యుడి బిల్లుగా తెచ్చిన క్యారవాన్ సైట్ల చట్టం కాపురం ఉంటున్న వాళ్లకి తొలి రక్షణ ఇచ్చింది. అప్పటిదాకా సైటు యజమాని ఇష్టం. కోపమొస్తే మర్నాడే బండి లాగి రోడ్డు మీద పెట్టేయొచ్చు. కోర్టు ఉత్తర్వు లేకుండా గెంటేయడం, కరెంటు నీళ్లు కోసి వేధించడం ఈ చట్టంతో నేరమయ్యాయి. కానీ ఈ రక్షణ వర్తించే సైటు ఏది అన్న చోట ఓ గీత గీశారు. అనుమతి 'సెలవుల వాడకానికి మాత్రమే' అని ఉన్నా, ఏడాదిలో కొంతకాలం అక్కడ నివసించకూడదన్న షరతు ఉన్నా, ఆ సైటు దీని పరిధిలోకి రాదు. అప్పటికి అది సబబుగానే తోచి ఉంటుంది. ఇల్లు పోతే బతుకు పోయేవాడు వేరు, సెలవుల విడిది పోయేవాడు వేరు.

తర్వాత చట్టాలన్నీ ఆ గీత మీదే నడిచాయి. 1975, 1983 మొబైల్ హోమ్స్ చట్టాలు కాపురం ఉండేవాళ్లకి రాతపూర్వక ఒప్పందం, గడువు లేకుండా ఉండే హక్కు, అమ్ముకునే హక్కు ఇచ్చాయి. అమ్మినప్పుడు పార్కుకి కట్టాల్సిన కమీషన్ 10 శాతం దాటకూడదన్న నియమమూ వచ్చింది. 2013 చట్టం మరికొంత బలం చేర్చింది. గీతకి ఇవతల ఉన్న సెలవుల క్యారవాన్ యజమానికి ఇందులో ఒక్కటీ దక్కలేదు. అతనికున్నది సంతకం పెట్టిన ఒప్పందం, దానిపై మామూలు వినియోగదారుల చట్టం. అందుకే పాతది అమ్మేటప్పుడు 15 శాతం, దానిపై వ్యాట్ అడిగే పార్కులున్నాయి. బయటి వ్యక్తికి నేరుగా అమ్మడానికి సవాలక్ష షరతులు పెడతారు. ఒప్పందాల్లోని అన్యాయపు షరతుల మీద వినియోగదారుల ప్రయోజనాలు చూసే అప్పటి ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ 2005లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చిందంటే ఫిర్యాదులు ఏ స్థాయికి చేరాయో ఊహించుకోవచ్చు.

ఏడాదిలో పదిన్నర నెలలో పదకొండు నెలలో మాత్రమే తెరిచి ఉంచే పద్ధతికీ ఈ గీతే కారణం. అసలు ఇల్లు వేరే చోట ఉందని కౌన్సిల్ టాక్స్ (స్థానిక ఇంటి పన్ను) బిల్లు చూపించమంటారు. లింకన్‌షైర్ తీరంలో శీతాకాలపు మూసివేత వెనక వరద భయం కూడా ఉంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి ఇంగ్లండ్‌లో 307 మందిని మింగింది. జేవిక్ లాంటి చోట్ల ఒంటి అంతస్తు ఇళ్లలో ఉన్నవాళ్లే ఎక్కువగా పోయారు. 1990 ఫిబ్రవరిలో ఉత్తర వేల్స్‌లోని టోవిన్ దగ్గర సముద్రపు గోడ తెగి క్యారవాన్ పార్కులు నీట మునిగాయి.

పన్నుల విషయంలో ఈ మధ్యస్థ స్థితి కొన్నాళ్లు లాభించింది. స్టాటిక్ క్యారవాన్ మీద వ్యాట్ సున్నా ఉండేది. 2012 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ దాన్ని 20 శాతం చేస్తానన్నాడు. హల్ ఫ్యాక్టరీలు మూతపడతాయని అన్ని పార్టీల ఎంపీలూ లేచారు. రెండు నెలల్లో వెనక్కి తగ్గి 5 శాతానికి దించారు. 2013 ఏప్రిల్ నుంచి చాలా వాటికి అదే అమల్లో ఉంది. ఉద్యోగాలు కాపాడుకోవడానికి పార్లమెంటులో ఇంత గొంతు లేచింది గానీ, కొనేవాడి హక్కుల కోసం అంత గొంతు ఎన్నడూ లేవలేదు.

ఇంతలో రైతులు పోయి కంపెనీలు వచ్చాయి. కుటుంబాలు నడుపుకునే పార్కులు ఇంకా చాలానే ఉన్నా, ఎన్నో పార్కులు నడిపే పెద్ద సంస్థలు పెట్టుబడి సంస్థల చేతిలోకి వెళ్లాయి. అలాంటి పార్క్‌డీన్, పార్క్ రిసార్ట్స్ 2015లో కలిసిపోయాయి. హేవెన్ పార్కులు నడిపే బోర్న్ లీజర్‌లో 2021లో అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ మెజారిటీ వాటా కొనుక్కుంది. రైతుకి కావాల్సింది ఏటా వచ్చే అద్దె. కంపెనీకి కొత్త క్యారవాన్ అమ్మకంలోనూ ఆదాయం ఉంది; పాతది గడువు తీరి తొలగితేనే ఆ జాగాలో కొత్తది అమ్ముడవుతుంది. పాతది తిరిగి తీసుకున్నందుకు పార్కు ఇచ్చే ధర చూసి గుండె గుభేలుమన్నవాళ్ల కథలు పార్కు పార్కుకీ ఉన్నాయి.

కొవిడ్ రెండు ముఖాలూ చూపించింది. 2020 వసంతంలో పార్కులకి తాళాలు పడ్డాయి. వాడుకోలేని నెలలకీ ఫీజు కట్టాలా అన్న గొడవ దేశమంతా నడిచింది. మరుసటి వేసవికి విదేశీ ప్రయాణాలు కష్టమై జనం క్యారవాన్ల మీద పడ్డారు, ధరలు ఎగిరాయి. మనవాళ్లలో కొందరు కొన్నది అప్పుడే.

ఇక పిచ్ ఫీజు. కాపురం ఉండే పార్కుల్లో ఫీజు పెంపు ధరల సూచీకి ముడిపడి ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2023లో వచ్చిన చట్టం ఆ సూచీని ఆర్‌పీఐ (రిటైల్ ధరల సూచీ) నుంచి, సాధారణంగా అంతకన్నా తక్కువగా ఉండే సీపీఐకి (వినియోగదారుల ధరల సూచీకి) మార్చింది. సెలవుల పార్కుకి ఆ చట్టం వర్తించదు. అక్కడ ఫీజు ఎంత పెరగాలో, ఎవరిని అడిగి పెంచాలో ఒప్పందంలోని ఓ పేరా చెబుతుంది. కాబట్టి షో క్యారవాన్‌లో సోఫా మెత్తదనం చూసేముందు ఆ పేరా చదవాలి. ఎన్నేళ్లకి తొలగించాలి, అమ్మితే కమీషన్ ఎంత, బయటివాళ్లకి అద్దెకిచ్చుకోవచ్చా, శీతాకాలంలో గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఖాళీ చేయించే ఖర్చు ఎవరిది అన్నవి కూడా ఆ కాగితాల్లోనే ఉంటాయి. సేల్స్ ఆఫీసులో కూర్చుని చదవక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామంటే ఇవ్వనన్న పార్కు గురించి ఆ తర్వాత ఇంక ఆలోచించనక్కర్లేదు.