లూపస్ ఉన్నవాళ్ల క్రిటికల్ ఇల్నెస్ క్లెయిమ్: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఇన్సూరెన్స్ పని చేస్తున్నాను. కొత్త పాలసీలు రాయడం కన్నా క్లెయిమ్ ఫైళ్లు సిద్ధం చేసి పెట్టడమే నా దగ్గర ఎక్కువ. లూపస్ ఫైలు వచ్చిందంటే మాత్రం ఇప్పటికీ గుబులుగానే ఉంటుంది. లూపస్ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఈ జబ్బు వచ్చేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కని పెంచుకునే వయసులో. ఫైలు పట్టుకుని వచ్చే భర్తకో, తండ్రికో ఆసుపత్రుల చుట్టూ తిరిగి అప్పటికే ఓపిక అయిపోయి ఉంటుంది.

కోవూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. రొయ్యల చెరువుల దగ్గర పని. కవరు టేబుల్ మీద పెట్టి, "అన్నా, మా ఇంట్లో ఆమెకి లూపస్ అన్నారు. బాండులో లూపస్ అని రాసుండాది. అయినా ఇయ్యం అని లెటరు పంపినారు. ఇదెక్కడి న్యాయం?" అన్నాడు. ఆయన అడిగినదానికి జవాబే మొదటి అపోహ.

అపోహ: బాండులో లూపస్ పేరుంది. డాక్టరు లూపస్ అన్నారు. ఇక డబ్బు వచ్చినట్టే.

క్రిటికల్ ఇల్నెస్ పాలసీ, అంటే పెద్ద జబ్బు తేలితే ఒకేసారి మొత్తం డబ్బిచ్చే పాలసీ, జబ్బు పేరు చూసి డబ్బివ్వదు. ఆ పేరు కింద నాలుగైదు లైన్ల నిర్వచనం ఉంటుంది. అందులో ప్రతి మాటా మన కాగితాల్లో కనబడితేనే ఇస్తుంది.

ముందు ఒక సంగతి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనాలు ఇచ్చిన 22 జబ్బుల్లో లూపస్ లేదు. ఆ జాబితాలో ఎస్‌ఎల్‌ఈ (లూపస్‌కి డాక్టర్లు రాసే పేరు) అన్న మాట మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు దగ్గర కనిపిస్తుంది, అదీ లూపస్ వల్ల నరాలు దెబ్బతింటే ఆ పద్దు కింద ఇవ్వం అని చెప్పడానికి. ఇరవై, ముప్ఫయికి పైగా జబ్బులు కవర్ చేసే పెద్ద ప్లాన్లు కొన్నిట్లోనే లూపస్‌కి విడిగా ఒక పద్దు ఉంటుంది. ఆ పద్దు పూర్తి పేరు చూడండి, చాలాచోట్ల "లూపస్ నెఫ్రైటిస్‌తో కూడిన ఎస్‌ఎల్‌ఈ" అని ఉంటుంది. అంటే లూపస్ కిడ్నీకి చేరి ఉండాలి. చేరిందని కిడ్నీ బయాప్సీలో, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో తేలాలి. ఆ బయాప్సీలో క్లాస్, అంటే కిడ్నీ ఏ విధంగా దెబ్బతిందో చెప్పే అంకె, 3 నుంచి 5 లోపు రావాలి. జబ్బును రుమటాలజీ స్పెషలిస్టు, అంటే కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టరు నిర్ధారించాలి. చర్మానికే పరిమితమైన డిస్కాయిడ్ లూపస్, కీళ్లకూ రక్తానికీ మాత్రమే సంబంధించిన లూపస్ వర్తించవని కూడా అందులోనే రాసి ఉంటుంది.

ఇది చదివి వినిపిస్తే చాలామంది కోప్పడతారు. కోపం రావాల్సిందే. వేళ్ల కీళ్లు వాచి, జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తలేని మనిషికి అది చిన్న జబ్బు కాదు. కానీ క్లెయిమ్ చూసే డెస్కు దగ్గర ఆ బాధకు లెక్క లేదు, క్లాస్ అంకెకే లెక్క. ఈ తేడా పాలసీ అమ్మిన రోజే చెప్పి ఉండాల్సింది, ఎవరూ చెప్పరు.

కోవూరు ఫైలుకి వస్తాను. అందులో లూపస్ కోసం చేసే రక్త పరీక్షల్లో ఏఎన్‌ఏ పాజిటివ్ రిపోర్టు ఉంది, యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ ఉంది, మందుల చీటీలు బొత్తిగా ఉన్నాయి. బయాప్సీ రిపోర్టు లేదు. ఏఎన్‌ఏ పాజిటివ్ అన్నంత మాత్రాన లూపస్ అని కూడా చెప్పలేం, ఆరోగ్యంగా ఉన్న కొందరిలోనూ అది పాజిటివ్ వస్తుంది. "కిడ్నీలో సూది పెట్టి ముక్క తీశారా?" అని అడిగితే, "తీసినారు, మద్రాసులో. ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉండిపోయింది" అన్నాడు. ఆయన చూపులో అది వందలో ఒక కాగితం. ఆసుపత్రి ఎంఆర్‌డీలో, అంటే రికార్డుల విభాగంలో అడిగి, డూప్లికేట్ తెప్పించాం. క్లాస్ 4. ఇంకో చిక్కు, వైద్యం చేసింది నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు), నిర్వచనం అడిగింది రుమటాలజిస్టుని. మళ్లీ పినాకిని రైల్లో వెళ్లి, రుమటాలజిస్టు దగ్గర జబ్బు పేరు, బయాప్సీ తేదీ, క్లాస్ రాయించుకుని వచ్చాడు. ఆ రెండు కాగితాలూ చేరాక తిరగదోడిన అదే క్లెయిమ్ పాసయింది.

అపోహ: బయాప్సీ చేయిస్తే కిడ్నీ ఇంకా పాడవుతుంది. క్లెయిమ్ కోసం అంత రిస్కెందుకు?

నేను డాక్టర్ని కాదు. క్లెయిమ్ కోసం బయాప్సీ చేయించుకోమని ఎవరికీ చెప్పను. మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోతుంటే, సాధారణంగా రోజుకి అర గ్రాము దాటితే, ఏ మందు ఎంత బలంగా వాడాలో తేల్చుకోవడానికి డాక్టర్లే బయాప్సీ అడుగుతారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, మత్తు సూది వేసి, సన్నని సూదితో తీస్తారు. రక్తస్రావం రిస్కు కొంత ఉంటుంది కాబట్టే ఆ తర్వాత ఆసుపత్రిలో పడుకోబెట్టి గమనిస్తారు. భయాలన్నీ డాక్టరుని అడిగి తీర్చుకోండి. ఊళ్లో ఎవరో చెప్పారని మాత్రం మానుకోకండి. వైద్యానికీ అదే ఆధారం, క్లెయిమ్‌కీ అదే.

అపోహ: బయాప్సీ లేదు కాబట్టి ఇక ఏ దారీ లేదు.

కనిగిరి, పామూరు వైపు ఇది ఎక్కువ చూస్తాను. అక్కడ ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు ఊరూరా ఉన్న కష్టమే. ఎవరికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరిగినా "నీళ్ల వల్లే" అనేస్తారు. లూపస్ అని తేలేసరికి కిడ్నీలు కుంచించుకుపోయి, బయాప్సీ చేసి లాభం లేని దశ వచ్చేస్తుంది. అప్పుడు లూపస్ పద్దు కింద క్లెయిమ్ కష్టం.

కానీ అదే బాండులో ఇంకో పద్దుంది. రెండు కిడ్నీలూ ఇక కోలుకోని విధంగా దెబ్బతిని, రెగ్యులర్ డయాలసిస్ మొదలవడం, లేదా కిడ్నీ మార్పిడి జరగడం. ఇది 22 జబ్బుల్లో ఉన్నదే. ఈ నిర్వచనం కిడ్నీ ఎందుకు పాడైందని అడగదు. నీళ్ల వల్లా, షుగర్ వల్లా, లూపస్ వల్లా అన్నది దానికి అనవసరం. పాలసీ తీసుకునే ముందే జబ్బు ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, దాని గురించి కింద చెప్తాను. ఒక జాగ్రత్త. లూపస్ ఉద్ధృతమైనప్పుడు నాలుగు సార్లు డయాలసిస్ చేసి ఆపేస్తే అది దీని కిందకి రాదు. జబ్బు శాశ్వతమని నెఫ్రాలజిస్టు రాసివ్వాలి.

ఇక్కడే ఇంకో మాట వింటుంటాను. "మాకు ఎన్టీఆర్ వైద్య సేవలో ఉచితంగా డయాలసిస్ చేస్తున్నారు, బిల్లు లేదు, మరి క్లెయిమ్ ఎలా?" అని. క్రిటికల్ ఇల్నెస్ పాలసీకి ఖర్చుతో పని లేదు. నిర్వచనం కుదిరితే బాండు మీదున్న మొత్తం ఒకేసారి ఇస్తుంది. మెడిక్లెయిమ్ నుంచి బిల్లు డబ్బులు తీసుకున్నా సరే, దీన్ని విడిగా అడగొచ్చు. బిల్లు లేకపోయినా డయాలసిస్ సెంటర్ వాళ్లు రాసే రికార్డు కాపీ తెచ్చుకోండి, చాలు.

గుండె, మెదడు, ఊపిరితిత్తుల విషయంలోనూ ఇలాగే ఒక్కో పద్దు విడివిడిగా చదువుకోవాలి. లూపస్‌తో పాటు రక్తం గడ్డకట్టే గుణం ఉండి పక్షవాతం వస్తే స్ట్రోక్ పద్దు చూడాలి. మూడు నెలలు దాటినా ఆ లోపం మిగిలే ఉందని చూపించాలి. ఊపిరితిత్తుల బీపీ మాత్రం లూపస్ వల్ల వస్తే క్లెయిమ్ రాదు. ఆ పద్దు పేరులో "ప్రైమరీ" అని ఉంటుంది, అంటే వేరే జబ్బు వల్ల రానిది అనే అర్థం.

అపోహ: లూపస్ ఉందని ఫారంలో రాస్తే పాలసీ ఇవ్వరు. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?

డిశ్చార్జ్ సమ్మరీకి తెలుస్తుంది. అందులో "హిస్టరీ" అని ఒక గడి ఉంటుంది. అర్ధరాత్రి అడ్మిట్ చేసేటప్పుడు డ్యూటీ డాక్టరు అడుగుతారు, పక్కనున్న తమ్ముడో, ఆడపడుచో "అయిదేళ్లుగా ఉందండీ" అంటారు. ఆ ఒక్క లైను దగ్గరే కంపెనీ ఇన్వెస్టిగేటర్ వేలు పెడతాడు.

దాచినవాళ్ల తరఫున నేను వాదించలేను. కానీ దాచాలని లేకుండానే దాచినట్టయ్యే వాళ్లు చాలామంది. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. ఏజెంటు అన్నిటికీ "నో" టిక్కు పెట్టి, ఫోనుకి వచ్చిన ఓటీపీ చెప్పమంటాడు. అయిదేళ్ల కీళ్ల నొప్పులు, లూపస్‌కి రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర ఏదీ అందులో ఉండదు. బాండు చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువు, అంటే నచ్చకపోతే పాలసీ వెనక్కిచ్చే గడువుంటుంది. ఆ లోపు చదువు వచ్చినవాళ్లతో ఫారం కాపీ చదివించుకుని, తప్పుంటే రాతపూర్వకంగా సరిదిద్దమని అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ కూడా ఇంటికి బయల్దేరే ముందే చదవండి. కీళ్ల నొప్పులు అయిదేళ్లుగా, లూపస్ అని తేలింది మొన్ననే అయితే, డాక్టరుని అడిగి అలాగే రాయించుకోండి. ఉన్నదే రాయించండి, లేనిది రాయమని అడగకండి.

నిజం రాసినందువల్ల ప్రీమియం పెరగొచ్చు, లూపస్‌నీ దాని వల్ల వచ్చేవాటినీ పక్కన పెట్టొచ్చు, అసలు పాలసీయే ఇవ్వకపోవచ్చు. ఇస్తే మాత్రం రేపు లూపస్‌తో సంబంధం లేని క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ పాలసీ నిలబడుతుంది. హెల్త్ పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని తొలి గడువు) 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలే.

అపోహ: అయిదేళ్లు దాటితే ఏమీ అడగరు.

సగం నిజం. 60 నెలలు ఆగకుండా ప్రీమియం కట్టాక, ఫలానా విషయం చెప్పలేదని హెల్త్ క్లెయిమ్‌ని తోసిపుచ్చకూడదు, మోసమని రుజువైతే తప్ప. జీవిత బీమా పాలసీలకీ, వాటికి జత చేసిన రైడర్లకీ (అదనపు కవర్లకీ) బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఆ గడువు మూడేళ్లు. అయితే ఎన్నేళ్లు దాటినా నిర్వచనం మారదు. పదేళ్లు కట్టినా క్లాస్ 2 బయాప్సీకి ఆ పద్దు కింద రాదు.

గడువుల్లో ఇంకో రెండు. పాలసీ మొదలైన 90 రోజుల్లోపు లక్షణాలు కనబడితే చాలా పాలసీలు ఇవ్వవు. జబ్బు తేలిన తర్వాత సాధారణంగా 30 రోజులు, కొన్నిట్లో తక్కువ, మనిషి బతికి ఉండాలన్న షరతూ ఉంటుంది.

అపోహ: మాకు అలాంటి పాలసీయే లేదు.

ఇంటి లోన్ ఫైలు ఒకసారి తీసి చూడండి. లోన్ ఇచ్చేటప్పుడు ఒకేసారి ప్రీమియం పట్టుకుని, దాన్నీ అప్పులో కలిపేసిన పాలసీ ఉండొచ్చు. అందులో క్రిటికల్ ఇల్నెస్ కవరు ఉండే అవకాశం ఉంది. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ గ్రూప్ పాలసీ కూడా అడగండి. ఆలస్యమైందని వదిలేయకండి. తగిన కారణం ఉంటే ఆలస్యం ఒక్కటే సాకుగా క్లెయిమ్ కొట్టేయకూడదని ఐఆర్‌డీఏఐ 2011లోనే చెప్పింది.

అపోహ: రిజెక్ట్ లెటరు వచ్చాక చేసేదేమీ లేదు.

లెటరులో ఏ షరతు ప్రకారం కాదన్నారో రాసి ఉండాలి. లేకపోతే ముందు అదే అడగండి. తర్వాత కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా పంపండి, ఏ లైనుకి ఏ రిపోర్టు జవాబో పక్కపక్కనే రాసి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనో, 155255కి ఫోన్ చేసో ఫిర్యాదు పెట్టొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల వరకు ఇప్పించే అధికారం ఉంది, ఆ తీర్పుకి కంపెనీ కట్టుబడాలి. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. అంత దూరం ప్రయాణం చేయలేనివాళ్లు వీడియో కాల్‌లో విచారణ కోరొచ్చు. కావలికి చెందిన ఒకామె ఒళ్లంతా నొప్పులతో, మంచం మీదే దిండుకి ఆనుకుని కూర్చుని, బయాప్సీ రిపోర్టు ఫోను కెమెరాకి చూపిస్తూ తన మాట తనే చెప్పుకుంది.