రాజుగారి సంతకంలో ‘ఐ’ అనే అక్షరం

బ్రిటన్ రాజకుటుంబం సంతకాలున్న పాత ఫొటో వేలానికి వస్తే కొనేవాళ్లు ముందుగా చూసేది ముఖాలను కాదు. సంతకం చేత్తో పెట్టిందా, అచ్చేసిందా అనేదే వాళ్ల టెన్షన్.

ఈ అనుమానానికి చాలా పాత చరిత్రే ఉంది. 1854లో పారిస్ ఫొటోగ్రాఫర్ డిస్డేరి ఒకే ప్లేటు మీద ఎనిమిది ఫొటోలు తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దాంతో విజిటింగ్ కార్డు సైజు ఫొటోలు చవకైపోయాయి. 1860లో విక్టోరియా రాణి కుటుంబాన్ని ఫొటోగ్రాఫర్ మేయల్ తీసిన ఫొటోలు బజార్లో అమ్మకానికి వచ్చాయి. అంతకుముందు మామూలు జనం రాణి ముఖాన్ని ఎక్కువగా చూసింది నాణేల మీద, తపాలా బిళ్లల మీద. ఇప్పుడది ఇంట్లో ఆల్బమ్‌లోకి వచ్చింది. రాణి కోడలు, యువరాణి అలెగ్జాండ్రా పసిపాపను వీపున ఎక్కించుకున్న ఫొటో మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోయిందని చెబుతారు.

బజార్లో అమ్మే ఫొటో మీద సంతకం ఉంటే అది చాలావరకు అచ్చులో వచ్చిందే. చేత్తో సంతకం పెట్టిన ఫొటోలు కానుకగా వెళ్లేవి: రాయబారులకు, ఆతిథ్యమిచ్చినవాళ్లకు, ఏళ్లతరబడి కొలువు చేసినవాళ్లకు. భూతద్దం పెట్టి చూస్తే చాలాసార్లు తేడా దొరుకుతుంది. అచ్చు సంతకం చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది, లేదా మొదటి నుంచి చివరిదాకా ఒకే నలుపులో ఉంటుంది. కలంతో రాసిన గీత ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా ఉంటుంది. పాత సిరా అంచుల దగ్గర గోధుమరంగుకి తిరుగుతుంది.

అయితే నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది పేరు పక్కనుండే పొడి అక్షరాలు. ‘ఆర్’ (R) లాటిన్‌లో రాజు లేదా రాణి అనే మాటకు మొదటి అక్షరం. ‘ఐ’ (I) చక్రవర్తి, చక్రవర్తిని అనే మాటకు. బ్రిటన్ రాజ సంతకంలోకి ఆ ‘ఐ’ వచ్చింది మన దేశం మీది పెత్తనంతోనే. 1876లో ఈ బిరుదు కోసం బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. సరిగ్గా అప్పుడే బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో ధాత కరువు జనాన్ని పొట్టన పెట్టుకుంటోంది. 1878 దాకా సాగిన ఆ కరువులో బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ఆ రోజుల్లో పుట్టిన అక్షరం అది. సంతకాల ఫొటోల గురించి రాసేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఈ ఫొటోల లోకంలో మనవైపు పేరు కూడా ఒకటుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్‌కి 1897లో విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంట్, అంటే రాణి ఫొటోగ్రాఫర్‌గా అధికారిక గుర్తింపు, దక్కింది.

ఆరో జార్జి కాలానికి భార్యాభర్తలిద్దరూ సంతకం చేసిన కుటుంబ ఫొటోలు, క్రిస్మస్ కార్డులు మామూలయ్యాయి. ఆయనది ‘జార్జ్ ఆర్.ఐ.’, ఆమెది ‘ఎలిజబెత్ ఆర్’. ఇక్కడ ఒక చిక్కుంది. 1952లో గద్దెనెక్కిన కూతురు కూడా ‘ఎలిజబెత్ ఆర్’ అనే రాసేది. తల్లి సంతకమో, కూతురి సంతకమో తేల్చాలంటే చేతిరాత పోల్చాలి, ఫొటో తీసిన ఏడాది చూడాలి.

‘ఐ’ పోయిన సమయం మాత్రం స్పష్టంగా తెలుసు. 1947 ఆగస్టులో జార్జి తన తల్లి మేరీ రాణికి ఉత్తరం రాశాడు. సంతకంలో ‘ఐ’ లేదు. కొడుకు ఆ అక్షరం లేకుండా రాసిన మొదటి ఉత్తరం ఇదేనని, చాలా బాధగా ఉందని ఆమె ఆ కవరు మీదే రాసి పెట్టుకుంది. 1948 జూన్ 22న చక్రవర్తి బిరుదు అధికారికంగా రద్దయింది. అందుకే ఆ తర్వాతి తేదీ వేసి ఉన్న ఫొటో మీద ‘జార్జ్ ఆర్.ఐ.’ అని కనిపిస్తే కొనే ముందు ఆగి చూడాలి.