సెలూన్‌లో కుర్చీ అద్దె, కమీషన్ పని: అపోహలు - వాస్తవాలు

"మా అమ్మాయిలు స్టాఫ్ కాదండీ, అందరూ ఫ్రీలాన్సర్లే. స్టాంపు పేపర్ మీద సంతకాలు కూడా ఉన్నాయి." రాజమండ్రి, కాకినాడ, భీమవరం సెలూన్ల లెక్కలు చూసేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. అదే సెలూన్‌లో పనిచేసే అమ్మాయి వచ్చి, "సంతకం పెట్టేశాను సార్, ఇంక నాకేమీ రాదంట కదా" అంటుంది. ఓనర్ ధీమాకీ, ఆ అమ్మాయి భయానికీ కారణం ఒకటే అపోహ.

అపోహ: కాగితం మీద "స్వయం ఉపాధి" అని రాసుకుంటే ఉద్యోగం కాదు

అవుతుంది. అధికారి అయినా కోర్టు అయినా ముందు చూసేది రోజూ పని ఎలా నడుస్తోందనే. పొద్దున్న పదింటికల్లా వచ్చి వాట్సాప్ గ్రూపులో హాజరు ఫోటో పెట్టాలి. ఆలస్యమైతే కోత. యూనిఫాం వేసుకోవాలి. ఏ కస్టమర్‌కి ఎవరు చెయ్యాలో మేడమ్ చెబుతారు. రేటు కార్డు, ఫేషియల్ కిట్లు, కెరాటిన్, డ్రయర్ అన్నీ సెలూన్‌వే. కస్టమర్ డబ్బు సెలూన్ క్యూఆర్‌కి వెళ్తుంది, నెలాఖరుకి 40 శాతం అమ్మాయి చేతికొస్తుంది. దీనికి "పార్ట్‌నర్" అని పేరు పెట్టినా, "కన్సల్టెంట్" అని పెట్టినా అది ఉద్యోగమే.

ఇందులో దారి చూపిన సుప్రీంకోర్టు తీర్పు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోదే: 1973లో వచ్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ తీర్పు. ఆ దర్జీలకి నెల జీతం లేదు, ముక్కకింత. సెలవు చీటీ అక్కర్లేదు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. వేరే షాపులో పనిచేసుకున్నా అభ్యంతరం లేదు. అయినా ఉద్యోగులే అంది కోర్టు. కుట్టు మిషన్లు షాపువి, ఎలా కుట్టాలో చెప్పేది షాపు, బాగాలేదని తిప్పికొట్టి మళ్లీ కుట్టించే అధికారమూ షాపుదే. ఆ దర్జీ స్థానంలో హెయిర్ స్టైలిస్టుని పెట్టి చదవండి. "కమీషన్ మీద పనిచేసేవాళ్లు స్టాఫ్ ఎలా అవుతారు?", "బయట పెళ్లిళ్లకి కూడా వెళ్తుంది కదా?" అన్న రెండు ప్రశ్నలకీ జవాబు అందులోనే ఉంది.

మరి నిజంగా సొంత పని అంటే ఎలా ఉంటుంది? నెలకి ఇంత అని కుర్చీ అద్దె, పని ఉన్నా లేకున్నా కట్టాలి, దానికి రసీదు. రేటు ఆమె పెట్టుకుంటుంది. అపాయింట్‌మెంట్లు ఆమె ఫోన్‌కే వస్తాయి, డబ్బు ఆమె క్యూఆర్‌లోనే పడుతుంది, బిల్లు ఆమె పేరుతోనే ఇస్తుంది. కలర్, మైనం, కిట్లు ఆమె కొనుక్కుంటుంది. స్మూతనింగ్ చెడిపోతే మళ్లీ చేసే ఖర్చు ఆమెదే. తను రాలేకపోతే ఇంకొకరిని పంపగలదు, వద్దనుకుంటే పని ఒప్పుకోదు. మాఘంలో లాభమూ ఆమెదే, ఆషాఢంలో నష్టమూ ఆమెదే. సొంత కిట్టు, సొంత అసిస్టెంటుతో అమలాపురం, పాలకొల్లు పెళ్లిళ్లకి రేటు మాట్లాడుకుని వెళ్లే బ్రైడల్ మేకప్ ఆర్టిస్టు ఈ కోవలోకి వస్తుంది. అదే మనిషి మామూలు రోజుల్లో ఓ సెలూన్‌లో ఉద్యోగి కావచ్చు. ఏ పనికాపనే విడిగా చూడాలి.

తగాదాలు ఎక్కువగా వచ్చేది ఈ రెంటినీ కలిపేసిన చోటే. డబ్బంతా సెలూన్ వసూలు చేసి, అందులోంచి "కుర్చీ అద్దె" కోసుకుని మిగతాది ఇస్తారు. కాగితంలో అద్దె అని ఉంటుంది, గల్లా మాత్రం ఓనర్ చేతిలో ఉంటుంది. షాంపూలు అమ్మే టార్గెట్ కూడా పెట్టారంటే ఇంక వాదించడానికేమీ మిగలదు.

ఖర్చు లెక్క చూడండి. నెలకి 15,000 జీతంగా తేలితే పీఎఫ్ రెండు వాటాలూ (ఓనర్‌ది, ఉద్యోగిది) కలిపి నెలకి 3,600. మూడేళ్లకి ఒక్క మనిషికే 1,29,600. దాని మీద ఏటా 12 శాతం వడ్డీ, నష్టపరిహారం వేరు. వెనకటి నెలల ఉద్యోగి వాటాని ఇప్పుడు ఆమె జీతంలో కోసుకోవడం మామూలుగా కుదరదు, అదీ ఓనర్ మీదే పడుతుంది.

అమ్మాయి పోగొట్టుకునేది అంతకంటే పెద్దది. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండి, ముందటి రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఆరేసి నెలల చందా కాలాల్లో) కనీసం 70 రోజులకి చందా కట్టి ఉంటే, కాన్పుకి 26 వారాలు సగటు వేతనం పూర్తిగా వస్తుంది. ఈ పనిలో ఎక్కువమంది పెళ్లి, పిల్లల వయసులో ఉన్న ఆడపిల్లలే. "ఫ్రీలాన్సర్" అన్న ఒక్క ముద్రతో ఆ ఆరు నెలల ఆదాయం పోతోంది.

మిగతావి

"టీడీఎస్ ప్రొఫెషనల్ ఫీజు కింద కోశాం." అది డబ్బు ఇచ్చేటప్పుడే ఆదాయపు పన్ను కోసే పద్ధతి, పన్ను లెక్క. ఉద్యోగమా కాదా అన్నది దానితో తేలదు.

"ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది." అది చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్, ఎవరికి వాళ్లు వివరాలిచ్చి ఆన్‌లైన్‌లో ఉచితంగా తీసుకునేది. పని ఎలా జరుగుతోందో అది చెప్పదు.

"బ్రాంచికి ఎనిమిది మందే." పీఎఫ్ వర్తించాలంటే 20 మంది, ఈఎస్ఐకి 10 మంది ఉండాలన్న మాట నిజమే. కానీ పీఎఫ్‌లో ఒకే సంస్థ బ్రాంచీలన్నీ కలిపి లెక్కేస్తారు. రాజమండ్రిలో ఎనిమిది, తణుకులో ఏడు, కాకినాడలో ఆరు అంటే 21. కనీస వేతనానికైతే ఈ సంఖ్యలతో పనే లేదు.

"మానేశాక ఊళ్లో ఇంకో పార్లర్‌లో చేరకూడదని రాయించుకున్నారు." పని మానేశాక వర్తించే అలాంటి షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. భయపడి ఇంట్లో కూర్చోకండి.

"కమీషన్ మీద పెట్టుకుంటే ఓనర్‌ని జైల్లో వేస్తారంట." ఈ పుకారు పుట్టించేవాళ్లకి పనీపాటా లేదు. కమీషన్ ఇవ్వడం తప్పు కాదు. స్టాఫ్‌గా చూపించి, కనీస వేతనానికి తగ్గకుండా కమీషన్ నిక్షేపంగా ఇవ్వచ్చు.

ఇప్పుడేం చెయ్యాలి

ఓనర్లు ఒక్కో మనిషికీ కాగితం మీద ఐదు ప్రశ్నలు రాయండి: రేటు ఎవరిది, క్యూఆర్ ఎవరిది, సరుకు ఎవరిది, టైము ఎవరిది, నష్టం ఎవరిది. మూడింటికి "సెలూన్‌ది" అని వస్తే నోటీసు వచ్చేదాకా ఆగకుండా ఈ నెల నుంచే రిజిస్టర్లో ఎక్కించండి. నిజంగానే కుర్చీ అద్దెకివ్వాలనుకుంటే ముందు క్యూఆర్ మార్చండి, ఒప్పందం తర్వాత రాసుకోవచ్చు.

అమ్మాయిలు గ్రూపు మెసేజీలు, డ్యూటీ చార్టు, ఫైన్ వేసిన మెసేజీ, ఖాతాలో పడిన మొత్తాలు స్క్రీన్‌షాట్లు తీసి, సెలూన్ ఇచ్చిన ఫోన్‌లో కాకుండా సొంత మెయిల్‌లో దాచుకోండి. గ్రూపులోంచి తీసేశాక అవి దొరక్కపోవచ్చు. వేతన బకాయి అడగడానికి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ మూడేళ్ల గడువిచ్చింది. ముందు మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి దగ్గరికి వెళ్లండి. సంతకం పెట్టిన ఒప్పందం కాపీ మీ దగ్గర లేకపోయినా అర్జీ పెట్టుకోవచ్చు.