పాత పుస్తకాల్లో లండన్ వీధులు: అపోహలు - వాస్తవాలు

పాత లండన్ వీధుల బొమ్మలున్న పుస్తకాలను పరిశీలించి, ఒక్కో చిత్రాన్ని ఎవరు గీశారో, దేని మీద చెక్కారో, ఎప్పుడు అచ్చయిందో నమోదు చేయడం నా వృత్తి. ఈ చిత్రాలంటే ఇష్టపడే తెలుగువారు చాలామందే ఉన్నారు. ఇంటర్నెట్‌లో కొని గోడకు తగిలించుకున్నవారు, లండన్ వెళ్లినప్పుడు పాత పుస్తకాల దుకాణాల్లో వెతికినవారు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని నమ్మకాలు పదే పదే వినిపిస్తాయి. వాటిలో చాలావాటివల్ల చిత్రాన్ని తప్పుగా చదువుతాం, అంతే. ఒక నమ్మకం మాత్రం పుస్తకాల ప్రాణమే తీస్తోంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

అపోహ: ఫోటోలు లేని కాలం కాబట్టి, చిత్రకారుడు వీధిలో నిలబడి ఉన్నది ఉన్నట్టు గీసి ఉంటాడు.

1872లో వెలువడిన 'లండన్: ఎ పిల్‌గ్రిమేజ్' చూడండి. రచన బ్లాంచర్డ్ జెరాల్డ్‌ది, 180 చిత్రాలు గుస్తావ్ దొరేవి. ఇద్దరూ పోలీసులను తోడు తీసుకుని రాత్రివేళ ఈస్ట్ ఎండ్ పేదవాడల్లో తిరిగారు. కానీ జనం మధ్య నిలబడి గీయడం దొరేకు నచ్చేది కాదు. అక్కడికక్కడ చిన్న గుర్తులు రాసుకుని, తర్వాత జ్ఞాపకం నుంచి బొమ్మ కట్టేవారు. రైలు వంతెన మీద నుంచి కనిపించే ఇరుకు పెరళ్ల వరుసలు వంపు తిరిగి సాగిపోయే చిత్రం ఆ పుస్తకంలో చాలా ప్రసిద్ధి. ఆ ఇరుకుతనం నిజమే. అలాగని ఆ బొమ్మ పట్టుకుని ఇళ్లు లెక్కపెడితే ఫలితం ఉండదు. అదే పుస్తకంలో ఇంకో చిత్రముంది. ఎప్పుడో రాబోయే కాలంలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక యాత్రికుడు థేమ్స్ ఒడ్డున కూర్చుని, శిథిలమైన సెయింట్ పాల్స్ కెథడ్రల్‌ను గీసుకుంటూ ఉంటాడు. చరిత్రకారుడు మెకాలే రాసిన ఊహకు అది రూపం. అలాంటి ఊహ, మార్కెట్ల బొమ్మలు, రేవుల బొమ్మలు అన్నీ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. పుస్తకం చదవకుండా బొమ్మ ఒక్కటే చూసినవారికి ఏది ఏదో తెలియదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనవి జాన్ టాలిస్ 1838-40 మధ్య 88 భాగాలుగా వెలువరించిన వీధి దృశ్యాలు. వీధికి రెండు వైపులా ఉన్న భవనాల ముఖభాగాలను వరుసగా గీయించి, దుకాణదారుల పేర్లను ఆ భవనాల మీదే చెక్కించారు. డబ్బు చెల్లించిన వ్యాపారుల ప్రకటనలు కూడా వాటితో పాటే అచ్చయ్యేవి. ఆ వీధుల్లో మనుషులు దాదాపు కనిపించరు. అది చూసి 'అప్పట్లో లండన్ ఎంత ప్రశాంతంగా ఉండేదో' అనేవారు ఎందరో. అప్పటికే ఆ నగర జనాభా దాదాపు 20 లక్షలు! దుకాణం ముఖం స్పష్టంగా కనిపించడం ఆ పుస్తకానికి అవసరం, జనం అడ్డు. వీధి ఖాళీగా ఉండటానికి కారణం అంతకు మించి లేదు.

అపోహ: చిత్రంలో ఒక తప్పు దొరికితే అది ఇక చరిత్రకు పనికిరాదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు వెన్సెస్లాస్ హోలర్ గుర్తొస్తారు. 1607లో ప్రాగ్‌లో పుట్టి, లండన్‌ను తన నగరంగా చేసుకున్న చిత్రకారుడు. థేమ్స్ దక్షిణపు ఒడ్డున, నేటి సదర్క్ కెథడ్రల్ గోపురం మీద నుంచి చూసి వేసుకున్న చిత్తు చిత్రాల ఆధారంగా ఆయన నగరమంతటినీ ఒక పొడవాటి దృశ్యంగా రాగిరేకుల మీదకు ఎక్కించారు. 1647లో అది అచ్చయింది. అప్పటికి ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం, హోలర్ ఉన్నది ఆంట్‌వెర్ప్‌లో. ఆ దృశ్యంలో గ్లోబ్ నాటకశాల మీద ఎలుగుబంట్ల పందేల ఇల్లని, పందేల ఇంటి మీద గ్లోబ్ అని పేర్లు తారుమారయ్యాయి. కచ్చితంగా తప్పే. అయితే భవనాల ఆకారాలు, వాటి స్థానాలు ఎంత కుదురుగా ఉన్నాయంటే, 20వ శతాబ్దంలో గ్లోబ్‌ను మళ్లీ కట్టాలనుకున్నప్పుడు పరిశోధకులు నాటకశాల కొలతలు ఊహించడానికి హోలర్ చిత్తు చిత్రాన్నే ముఖ్యమైన ఆధారంగా తీసుకున్నారు. పేరు తప్పింది, గీత తప్పలేదు.

ఇదే హోలర్, విలియం డగ్డేల్ 1658లో ప్రచురించిన సెయింట్ పాల్స్ చరిత్ర పుస్తకానికి చిత్రాలు వేశారు. ఎనిమిదేళ్లకు, 1666 మహా అగ్నిప్రమాదంలో, ఆ పాత కెథడ్రల్ కాలిపోయింది. దాని లోపలి స్తంభాల వరుసలను ఈ రోజు మనం ఊహించుకోగలుగుతున్నామంటే ప్రధానంగా ఆ పుస్తకం చలవే. అయితే అందులో ఒక చిత్రం ఆకాశాన్నంటే శిఖరంతో ఉంటుంది. ఆ శిఖరం 1561లోనే పిడుగుపడి కాలిపోయింది, అంటే హోలర్ పుట్టడానికి 46 ఏళ్ల ముందు. కళ్లారా చూసి గీసినవీ, పాత ఆధారాలతో తిరిగి నిలబెట్టినవీ ఒకే పుస్తకంలో, ఒకే చేతి నైపుణ్యంతో ఉన్నాయి. వాటిని వేరు చేసి చెప్పేది పక్క పుటలోని రచనే.

అపోహ: కింద ఎవరి పేరుంటే చిత్రం మొత్తం వారిదే.

రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1808-10 మధ్య వెలువరించిన 'మైక్రోకాజమ్ ఆఫ్ లండన్'లో 104 రంగు చిత్రాలున్నాయి. భవనాలను గీసింది అగస్టస్ చార్లెస్ ప్యూజిన్. వాటిలో తిరిగే మనుషులను గీసింది థామస్ రోలండ్‌సన్. రాగిరేకు మీద గుగ్గిలం పొడి చల్లి, ఆమ్లంతో కొరికించి, నీటిరంగుల్లాంటి ఛాయలిచ్చే ఆక్వాటింట్‌గా మార్చింది మరికొందరు. అచ్చయిన ప్రతి కాగితానికీ చేత్తో రంగులద్దింది ఇంకొందరు. అడుగున ఎడమవైపు 'డెల్' అని ఉంటే గీసినవారు, కుడివైపు 'స్కల్ప్' అని ఉంటే చెక్కినవారు అని గుర్తుపెట్టుకోండి. రంగులద్దినవారికి మాత్రం ఏ మూలా చోటు లేదు. ఆ పుస్తకం అందంలో సగం వాళ్ల చేతులదే. వాళ్ల పేర్లు మనకు దక్కకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ పుస్తకంలో ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలోని వేలం గది చిత్రం కూడా ఉంది. తెలుగువారు దాన్ని తీరిగ్గా చూడాలని నా కోరిక. కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కిన నేతబట్టలు లండన్‌లో కంపెనీ వేలాల్లోనే అమ్ముడయ్యేవి.

అపోహ: రంగులుంటే అసలుది, నలుపు తెలుపైతే నకలు.

చాలా సందర్భాల్లో దీనికి వ్యతిరేకమే నిజం. థామస్ షెపర్డ్ గీసిన లండన్ దృశ్యాలు 1827 నుంచి 'మెట్రోపాలిటన్ ఇంప్రూవ్‌మెంట్స్' అనే పుస్తకంగా వచ్చాయి. అవి ఉక్కురేకు మీద చెక్కినవి, నలుపు సిరాతో అచ్చయినవి. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే వాటిలో రంగులున్నవి ఎక్కువగా అమ్మకానికి తర్వాత అద్దించినవే. భూతద్దంతో చూస్తే చేతి రంగు గీత దాటి పొర్లుతుంది, అంచున చిక్కబడుతుంది. రంగంతా సన్నని చుక్కల వరుసలుగా కనిపిస్తే అది ఆధునిక నకలు.

కాగితం గోధుమరంగుకు తిరిగితే బాగా పాతదనుకోవడం కూడా పొరపాటే. గుడ్డపీలికలతో చేసిన 17వ శతాబ్దపు కాగితం నేటికీ తెల్లగా ఉండవచ్చు. కలప గుజ్జుతో చేసిన 1880ల నాటి కాగితం ముట్టుకుంటే విరుగుతుంది.

అపోహ: చిత్రం కింద ఉన్న తేదీ, అది అచ్చయిన తేదీ.

చిత్రకారుడు హోగార్త్ తదితరులు పట్టుబట్టి సాధించిన 1735 నాటి చట్టం ప్రకారం, చిత్రంపై కాపీరైట్ హక్కు దక్కాలంటే ప్రచురణ తేదీ, హక్కుదారు పేరు రేకు మీదే ఉండాలి. ఆ రేకును పదేళ్ల తర్వాత మళ్లీ అచ్చుకు ఎక్కించినా తేదీ మారదు. అందుకని నేను కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తాను. 1794 తర్వాతి ఇంగ్లండ్ కాగితాల్లో చాలావాటికి తయారీదారు పేరుతో పాటు సంవత్సరం కూడా వాటర్‌మార్క్‌గా ఉంటుంది. మొదటి పుట మీద ఒక సంవత్సరం, కాగితంలో అంతకన్నా తర్వాతి సంవత్సరం ఉంటే ఆ ప్రతి ఎప్పటిదో తేలిపోతుంది. అయితే వాటర్‌మార్క్ ప్రతి పుటలోనూ పడదు. నాలుగైదు పుటలు తిప్పితే ఒకదానిలో దొరుకుతుంది. అంటే, పుస్తకం పుస్తకంగా ఉండాలి.

అపోహ: పాత పుస్తకం ఎలాగూ శిథిలమవుతుంది, బొమ్మలు కోసి ఫ్రేము కడితేనే బతుకుతాయి.

ఇది నన్ను కోపంతో ఊపేసే మాట. షెపర్డ్ పుస్తకంలో చాలా పుటల మీద రెండేసి దృశ్యాలుంటాయి. వ్యాపారం కోసం పుస్తకం విప్పి, పుటను తీసి, దాన్ని కూడా మధ్యకు కోసి రెండు బొమ్మలుగా అమ్ముతారు. అడ్డొచ్చిందని అంచు కత్తిరిస్తే ప్రచురణ వాక్యం పోతుంది, రేకు కాగితంలోకి నొక్కిన గుర్తు పోతుంది. ఆ బొమ్మ ఎందుకు గీశారో చెప్పే రచన చెత్తబుట్ట పాలవుతుంది. మూసిన పుస్తకంలో చీకట్లో రెండు వందల ఏళ్లు భద్రంగా ఉన్న రంగులు, కిటికీకి ఎదురుగా గోడ మీద కొన్నేళ్లకే వెలిసిపోతాయి.

గోడకు లండన్ కావాలంటే మంచి నకలు అచ్చు వేయించుకోండి. బ్రిటిష్ ఆర్ట్ కోసం యేల్ విశ్వవిద్యాలయం నడుపుతున్న కేంద్రం వంటి సంస్థలు ఇలాంటి చిత్రాలను పెద్ద పరిమాణంలో ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంచాయి. ఇప్పటికే విడి పుట మీ దగ్గరుంటే జిగురు టేపు అంటించకండి. ఆమ్లం లేని అట్టనే వెనక పెట్టించండి, ఎండ పడని గోడకు తగిలించండి. పుస్తకమే కొంటుంటే, డబ్బు ఇచ్చేముందు మొదట్లో ఉండే చిత్రాల జాబితా తీసి, ఒక్కో పుటా తిప్పుతూ సరిచూసుకోండి. 104 ఉండాల్సిన చోట 103 ఉంటే, ఆ ఒక్కటీ ఏదో, కుట్టు దగ్గర కత్తి గాటు ఉందో లేదో అమ్మేవారిని అడగండి.