గండం కాదండీ, అమ్మోనియా: ఉప్పునీటి ట్యాంకు గురించి రోజూ వినే అపోహలు

పోయిన నెలలో ఒక ఆదివారం, రాత్రి పదకొండు దాటాక ఫోన్. కొంపల్లి వైపు కొత్త ఇల్లు, గృహప్రవేశమై నాలుగో రోజు. “అన్నా, పసుపు చేప పోయింది, నీలం చేప రాయి పక్కన ఒరిగిపోయి గబగబా ఊపిరి తీస్తోంది, పొద్దున మేత కూడా తిన్నాయన్నా.” వెనక నుంచి వాళ్లమ్మగారు అంటున్నారు, “పోనీలే నాన్నా, మనకు రావాల్సిన గండం దాని మీద పోయింది” అని. ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో నాకే లెక్క లేదు. ఆవిణ్ని తప్పుపట్టను, బిడ్డ బాధపడుతుంటే పెద్దవాళ్లు అనే మాటే అది. కానీ గండం గడిచిందనుకుంటే సోమవారం పొద్దున్నే షాపుకెళ్లి ఇంకో రెండు చేపలు తెస్తారు, బుధవారానికి అవీ పోతాయి.

మంగళవారం ట్యాంకు నింపారు, బుధవారం తొమ్మిది చేపలు వేశారు, గురువారం ముహూర్తం. ఇంకేం కావాలి?

పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ట్యాంకులు పెట్టడం, నెలనెలా చూసుకోవడం. జబ్బుల వల్ల పోయిన చేపల కన్నా తొందర వల్ల పోయినవే ఎక్కువ చూశాను. అందుకే మిగతావన్నీ తర్వాత, ముందు అన్నిటికన్నా ఖరీదైన అపోహ సంగతి చూద్దాం: నీళ్లు అద్దంలా ఉన్నాయి కాబట్టి చేపలు వేసేయొచ్చు.

అమ్మోనియాకు రంగు లేదు. చేపను చంపే మోతాదులో మీ ముక్కుకు వాసన కూడా తెలియదు. చేప మొప్పల నుంచి, వేసిన మేత నుంచి అది ప్రతి గంటా వస్తూనే ఉంటుంది. దాన్ని తిని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది ఇంకొకటి, ఇవి రాళ్ల మీద, ఇసుకలో, సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) స్థిరపడి పెరగాలి. కొత్త ట్యాంకులో అవి లేవు. మంచినీటి ట్యాంకులో ఏళ్ల తరబడి చేపలు పెంచినవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతినేది ఎందుకంటే, ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది, పీహెచ్ 7 ఉన్న నీళ్లతో పోలిస్తే అదే అమ్మోనియా ఇక్కడ పది రెట్లకు పైగా విషం. మంచినీటి గోల్డ్ ఫిష్ తట్టుకుందని ఉప్పునీటి ఏంజెల్ చేప తట్టుకోదు.

పాలల్లో తోడు వేసి గంటకోసారి మూత తీసి చూస్తే పెరుగు ముందే తోడుకుంటుందా? ఇదీ అంతే, కాకపోతే రాత్రికి రాత్రి కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు. బాటిల్ బ్యాక్టీరియా పనికొస్తుందా అని అడుగుతారు. మంచిదైతే తోడులా పనికొస్తుంది, కొన్ని వారాలు కలిసొస్తాయి. అంతేగాని అది పోసిన రోజే తొమ్మిది చేపలు వేయడానికి లైసెన్సు కాదు.

చేపలు లేకుండానే సైకిల్ చేయండి, అంటే ఆ బ్యాక్టీరియాను ముందే పెంచండి. బ్యాక్టీరియాకు మేతగా అమ్మోనియం క్లోరైడ్ వేస్తాం, వెనకటికి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడిన నవాసాగరం అదే, కాకపోతే మనం కొనాల్సింది శుద్ధమైనది, కెమికల్స్ అమ్మే చోట దొరుకుతుంది. 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వచ్చేలా వేసి, రోజు విడిచి రోజు టెస్ట్ చేయాలి. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు, మీ అమ్మోనియా టెస్ట్ కిట్ చెప్పినన్ని చుక్కలు, ఊపి, ఐదు నిమిషాలు ఆగి తెల్ల కాగితం మీద పెట్టి చూడాలి. పసుపు రంగుంటే సున్నా. కాస్త ఆకుపచ్చ తిరిగినా ఉన్నట్టే, “లైటింగ్ వల్ల అలా కనిపిస్తోంది” అని సర్దిచెప్పుకోకండి. 2 పీపీఎం వేసిన మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వస్తే అప్పుడు ట్యాంకు తయారైనట్టు. ఒక పెద్ద వాటర్ చేంజ్ చేసి, రెండు క్లౌన్ చేపలు వేయండి. అవును, ఆరడుగుల ట్యాంకులో రెండే. బ్యాక్టీరియా ఉన్న మేతకు తగ్గట్టే ఉంటుంది, ఒకేసారి పది నోళ్లు పెరిగితే అది ఆ వేగంతో పెరగదు. రెండు వారాలు ఆగి ఇంకో రెండు. సాధువైనవి ముందు, కొట్లాడేవి చివర్లో.

“మరి డామ్సెల్ చేపలు వేసి సైకిల్ చేయమన్నారు షాపులో?” అవి గట్టివి, బతకొచ్చు. బతికాక మాత్రం ట్యాంకంతా తమదే అంటాయి, తర్వాత వచ్చిన ప్రతి చేప రెక్కలు కొరుకుతాయి, వాటిని పట్టుకోవాలంటే రాళ్లన్నీ బయటికి తీయాలి. నా మొదటి ట్యాంకులో నేను చేసింది ఇదే. నాలుగు డామ్సెల్స్‌లో మూడు మొదటి వారంలోనే పోయాయి, మిగిలిన ఒక్కటి మూడేళ్లు నన్ను పీడించింది. రాత్రి టార్చి లైటుతో, వలతో, మోచేతి దాకా చెయ్యి ముంచి ఎన్నిసార్లు ప్రయత్నించానో! చివరికి గాలానికి రొయ్య ముక్క గుచ్చి పట్టాను.

భీమవరం దగ్గర ఒక రైతు ఉన్నారు, టైగర్ రొయ్యల కాలం నుంచి చెరువులు చేస్తున్నాయన. హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాట్‌కు ట్యాంకు పెట్టిద్దామని వచ్చి, నేను అమ్మోనియా పాఠం మొదలుపెట్టగానే, “అబ్బాయ్, నాకా చెప్తున్నావ్?” అన్నారు. అన్నట్టే, అమ్మోనియా పెరిగినప్పుడు ఊరి నుంచి జియోలైట్ (చెరువుల్లో అమ్మోనియా పట్టడానికి వేసే ఖనిజం) బస్తా తెప్పించి ట్యాంకులో వేశారు. పనిచేయలేదు. ఉప్పు తక్కువగా ఉండే చెరువులో అంతో ఇంతో పట్టుకుంటుందేమోగానీ, పూర్తి సముద్రపు నీళ్లలో జియోలైట్‌లో చోటంతా సోడియమే ఆక్రమించేస్తుంది, అమ్మోనియాకు చోటే మిగలదు. ఆ సంగతి చెప్తే గంభీరంగా విని, మర్నాటి నుంచి పొద్దున్నే టెస్ట్ చేసి నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టారు. ఆ అలవాటు నా సిటీ కస్టమర్లలో ఒక్కరికీ లేదు. ఇప్పటివరకు ఆ ట్యాంకులో చనిపోయింది ఒకటే చేప, అదీ మూత లేక కింద దూకి.

ఇంకోటి, కంగారులో నీలం మందు, అంటే మిథిలిన్ బ్లూ, మెయిన్ ట్యాంకులో పోసేస్తారు. చేప కోలుకోదు సరికదా, కష్టపడి పెరిగిన బ్యాక్టీరియా దెబ్బతిని మళ్లీ అమ్మోనియా. చేప ఒరిగిపోతుంటే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, నాకు తెలుసు, ఆ టెన్షన్‌లో చేతులు ఊరుకోవు. చేయాల్సింది ఒకటే, ముందు టెస్ట్. అమ్మోనియా కనిపిస్తే, అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న కొత్త ఉప్పునీళ్లతో సగం వరకు మార్చి, మేత ఆపేయండి. రెండు రోజులు తినకపోతే చేప చావదు.

ఇక నీళ్లు. “వైజాగ్ నుంచి మా బావమరిది బీచ్ నీళ్లు డ్రమ్ముల్లో తెస్తాడు.” వద్దు. ఒడ్డు దగ్గర మట్టి, నూనె, ఊరి మురుగు, దారిలో డ్రమ్ములో చచ్చి కుళ్లే ప్లాంక్టన్. పైగా వర్షాలయ్యాక నదుల నీళ్లు కలిసి మన తీరంలో పై నీటి ఉప్పదనం వెయ్యికి 30 పాళ్ల కిందికి పడిపోతుంది, మనకు కావాల్సింది 35. రొయ్యల హ్యాచరీలు వాడట్లేదా అంటారు. వాడతాయి, ఇసుక ఫిల్టర్లలో వడగట్టి, క్లోరిన్ వేసి, అది పోయేదాకా ఏరేషన్ పెట్టి. ఆ ఏర్పాటు మీ బాల్కనీలో ఉందా?

కల్లుప్పు కూడా సముద్రానిదే కదా అని ఒకాయన 20 కిలోలు కలిపారు. ఉప్పు మడిలో ఉప్పు తేలేలోపే కాల్షియంలో చాలా భాగం జిప్సంగా దిగిపోతుంది, మెగ్నీషియం మిగిలిన చేదునీటితో బయటికి పోతుంది. మీ వంటింటికి వచ్చేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. సముద్రపు నీళ్లలోని లవణాలన్నీ ఉండే అక్వేరియం సాల్ట్ మిక్స్ కొనండి, లీటరుకు 35 గ్రాముల పైన పడుతుంది. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు కూడా నేరుగా పోయకండి, చాలా మెషీన్లు రుచి కోసం మామూలు నీళ్లు కొంచెం కలిపి ఇస్తాయి, నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఆవిరైన నీటికి బదులు పోసేది మామూలు నీళ్లు కలవని ఆర్వో నీళ్లే, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా.

ఈశాన్యంలోనే పెట్టాలా? పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే కింద బీమ్ ఎక్కడుందో ఇంజనీరును అడగండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తంటే 680 లీటర్లు, రాళ్లు, ఇసుక, గాజు కలిపి టన్ను దగ్గరికి వస్తుంది. ఇళ్ల ఫ్లోర్లకు లెక్కవేసే బరువు చదరపు మీటరుకు 200 కిలోలే. పెద్ద ట్యాంకు కష్టమనేది మాత్రం ఉల్టా, నీళ్లెక్కువైతే మార్పులు నెమ్మదిగా వస్తాయి, తప్పులు సర్దుకోవడానికి టైం దొరుకుతుంది. మే నెలకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ మెషీన్, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కనీసం ఒక పంపు, ఈ రెండూ చేపల కన్నా ముందు కొనండి.

కొత్త చేపకు వేరే ట్యాంకులో క్వారంటైన్ ఒక నెల. ఇచ్ (చేప ఒంటి మీద తెల్ల చుక్కలు తెచ్చే పరాన్నజీవి) ఒక్కసారి మెయిన్ ట్యాంకులోకి వస్తే చేపలన్నీ బయటికి తీసి 76 రోజులు ఖాళీగా ఉంచాలి, ఆలోచించుకోండి. దానికి కాపర్ మందు వాడేది క్వారంటైన్ ట్యాంకులోనే, మెయిన్‌లో వేస్తే రొయ్యలు, నత్తలు అన్నీ పోతాయి.

పగడాల గురించి ఒక్క మాట. రాతి పగడాలు, సీ హార్స్‌లు 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్‌లో ఉన్నాయి. రామేశ్వరం వైపు నుంచి వచ్చిన ‘ఒరిజినల్ లైవ్ రాక్’ (సముద్రం నుంచి జీవులతో సహా తీసిన రాయి) అని ఎవరైనా ఆశపెడితే ఆ షాపు దిగి వచ్చేయండి. జీవులేవీ లేని డ్రై రాక్ చాలు, బ్యాక్టీరియా దాని మీదా పెరుగుతుంది.

కొంపల్లి ట్యాంకులో ఆ రాత్రి సగం నీళ్లు మార్చాం. నీలం చేప తెల్లవారకముందే పోయింది. మిగిలిన ఏడింట్లో ఐదు బతికాయి, అవి ఇప్పుడు మా షెడ్డులో తయారైన ట్యాంకులో ఉన్నాయి. హాల్లో రాళ్లు, నీళ్లు, లైటు మాత్రమే. వచ్చిన చుట్టాలందరూ “చేపలేవి?” అని అడుగుతున్నారట, అమ్మగారు “ఇంకా తోడుకోలేదు” అంటున్నారట. నిన్న చూస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ ఇంకా 0.5 ఉంది. శనివారం మళ్లీ వెళ్తాను.