అలలు చేసే లెక్క

3, 5, 8. వీటిని మొత్తాలు సమానమయ్యేలా రెండు గుంపులు చేయమంటే చిన్నపిల్లలు కూడా చేస్తారు. అదే పెద్ద పెద్ద సంఖ్యలు 40 ఇస్తే కష్టం. ప్రతి సంఖ్య ఇటైనా వెళ్లొచ్చు, అటైనా వెళ్లొచ్చు కాబట్టి సుమారు 1.1 లక్షల కోట్ల విధాలుగా పంచి చూడాలి. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ జాబితాకెక్కించిన 21 మొండి సమస్యల్లో ఇదొకటి.

దీన్ని అలలతో సాధించే దారి ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన దారి. ప్రతి సంఖ్యనూ ఒక విద్యుత్ అల పౌనఃపున్యంగా, అంటే అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కగా (హెర్ట్జ్‌లలో) తీసుకోవాలి. రెండు అలల్ని గుణిస్తే, అంటే రేడియోలో మిక్సర్ చేసే పని చేస్తే, వాటి పౌనఃపున్యాల మొత్తంతో ఒకటి, తేడాతో ఒకటి కొత్త అలలు పుడతాయి. 3 హెర్ట్జ్, 5 హెర్ట్జ్ కలిస్తే 8, 2 వస్తాయి. వాటిని మళ్లీ 8 హెర్ట్జ్‌తో గుణిస్తే 16, 10, 6, 0. ఆ సున్నాయే మన జవాబు: 3+5-8. సున్నా పౌనఃపున్యం అంటే ఊగకుండా నిలిచిన వోల్టేజి. మిగతా అలలు ఎంత ఎక్కుతాయో అంతే దిగుతాయి కాబట్టి సగటులో మాయమవుతాయి. అలా 40 సంఖ్యలకు 39 మిక్సర్లు చాలు. అన్ని పంపకాలూ ఒకే తీగలో ఒకేసారి జరిగిపోతాయి. చివర మీటర్‌లో వోల్టేజి మిగిలితే పంపకం కుదిరినట్టే.

చిక్కంతా ఆ మిగిలే వోల్టేజిలోనే ఉంది. మూడు సంఖ్యలకు అది నాలుగో వంతు. తర్వాత ప్రతి సంఖ్యకూ సగం అవుతూ పోతుంది. ఒక వోల్టు అలలతో మొదలుపెడితే, 40 సంఖ్యలకు కుదిరే పంపకం ఒక్కటే ఉన్నప్పుడు మిగిలేది 2 పికోవోల్టుల లోపు (పికోవోల్టు అంటే వోల్టులో లక్ష కోట్లో వంతు). గది వేడికి ఒక కిలో ఓమ్ రెసిస్టర్‌లో దానంతట అదే పుట్టే రొద, సెకను పాటు సగటు తీసినా, దానికి వెయ్యి రెట్లకు పైనే. ఆంప్లిఫయర్ పెడితే రొద కూడా పెరుగుతుంది. సంకేతం కనీసం రొదతో సమానం కావాలన్నా సుమారు నెల రోజులు సగటు తీయాలి. 41 సంఖ్యలకు నాలుగు నెలలు, 45కి 80 ఏళ్లు దాటుతుంది. 2015లో ఫాబియో ట్రావెర్సా, మాసిమిలియానో డి వెంట్రా బృందం ఇలాంటి సూత్రంతో యంత్రం కట్టి, చివరికి దానికి రొదే హద్దని తామే రాసింది.

మామూలు ల్యాప్‌టాప్ మాత్రం ఈ 40 సంఖ్యల పని సెకన్లలో ముగిస్తుంది. 1974లో ఎల్లిస్ హోరోవిట్జ్, సర్తాజ్ సాహ్ని చూపిన పద్ధతిలో సంఖ్యల్ని ఇరవై ఇరవైగా విడదీసి, ఒక్కో సగానికీ వచ్చే పది లక్షలకు పైగా మొత్తాల్ని వరసలో పేర్చి జత కుదురుస్తుంది.

అయితే జవాబు ఒక్క బిందువులో కాకుండా బొమ్మంతా పరుచుకుని ఉండే లెక్కల్లో అలలకు తిరుగులేదు. 1950లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాడార్ సంకేతాల్ని ఫిల్ముపై నమోదు చేసి, ఆ ఫిల్ము గుండా కాంతిని కటకాల్లోకి పంపారు. అప్పటి కంప్యూటర్లకు మోయలేనంత భారమైన ఆ లెక్కను కాంతి చేసి, నేల చిత్రాన్ని ఇచ్చింది.